అరగని సోలు

ఓబులమ్మ కాలిది ముప్పై ఏడో నంబరు. కాళ్లకు కూడా నంబర్లుంటాయని ఆమెకు నలభై దాటాక గానీ తెలియలేదు. తెలిసిన రోజున పడీపడీ నవ్వింది. మరి నవ్వదా? కదిరి దగ్గర పల్లెలో చేను ఎండిపోతే మొగుడి వెంట బెంగళూరొచ్చింది. ఆ మొగుడు జ్వరంతో పోయాక కూడా నెత్తిన ఇసుకా కాంక్రీటూ మోసి ఈ ఊళ్లో ఎన్ని మేడలు లేపిందో లెక్కలేదు. ఆ మనిషికి కాళ్లంటే నడవడానికి ఉన్నవి. వాటిని ఎవరో స్టూలు మీద పెట్టించి, టేపుతో కొలిచి, "అబ్బ, ఎంత కరెక్టుగా ఉందో!" అని మురిసిపోతారని ఎలా అనుకుంటుంది?

మురిసిపోయింది జెస్సీ. నెల్లూరు పిల్ల. మద్రాసులో బూట్లూ చెప్పులూ తయారుచేసే చదువు చదివి, ఒక విదేశీ కంపెనీ బెంగళూరు ఆఫీసులో క్వాలిటీ చూసే ఉద్యోగంలో చేరింది. చెప్పులకు కూడా చదువుంటుందా అని ఓబులమ్మ పనిచేసే ఫ్యాక్టరీ లైనులో ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. ఆ విదేశీ కంపెనీకి బూట్లు కుట్టిపెట్టేది బొమ్మసంద్రలోని ఈ ఫ్యాక్టరీ. అంతదాకా ఇక్కడ మగవాళ్ల సేఫ్టీ బూట్లే చేసేవాళ్లు. రెండువేల రెండులో కొత్తగా ఆడవాళ్ల బూట్లకని ఒక లైను పెట్టారు. మామూలు బూట్లు కావు. వీపుకు పెద్ద పెద్ద సంచులు తగిలించుకొని రోజుల తరబడి కొండలెక్కే విదేశీ ఆడవాళ్లు తొడుక్కునేవి, చీలమండ దాటి పైకి వచ్చేవి.

"ఏం గతిలేక మోస్తారమ్మా అంతంత బరువు?" అని అడిగింది ఓబులమ్మ.

"గతిలేక కాదు, సరదాకి," అంది జెస్సీ.

"మనకు కూలిచ్చి మోయించినారు. వాళ్లు ఎదురు దుడ్లిచ్చి మోస్తారంట. ఎట్లుండాదో చూడు లోకం!" అంది పాపక్క, మిషను మీద నుంచి తలెత్తకుండానే. లైనంతా గొల్లున నవ్వింది.

ఈ పాపక్క గురించి చెప్పకపోతే అసలు కథే లేదు. ఆమే ఓబులమ్మా ఒకప్పుడు ఒకే మేస్త్రీ కింద పనిచేశారు. ఒకరోజు పరంజా జారి పాపక్క రెండో అంతస్తు నుంచి కింద పడింది. ప్రాణం దక్కింది గానీ తుంటి ఎముక వంకరగా అతుక్కుంది. నిలబడితే నొప్పి, వంగితే నొప్పి, మెట్లెక్కితే కళ్ల వెంట నీళ్లు. మేస్త్రీ కొన్నాళ్లు మొహం చాటేసి, ఆ తర్వాత ఆమె చోట్లో ఇంకొకరిని పెట్టుకున్నాడు. మొగుడూ పిల్లలూ లేని మనిషి, ఎవరి మీద పడి బతుకుతుంది? పక్కింటావిడ దగ్గర కుట్టుమిషను నేర్చుకొంది. నేర్చుకొని ఈ ఫ్యాక్టరీలో బూటు పైతోలు కుట్టే పనికి కుదిరింది. కూర్చొని చేసే పని. ఆ ఒంటితో చేయగలిగిన పని ఆమెకు అదొక్కటే మిగిలింది. తను కుదురుకున్నాక ఊరికే ఉండలేదు. సూపర్‌వైజరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, ఓబులమ్మను కూడా హెల్పరుగా పెట్టించింది. "ఎండలో సచ్చింది చాలు, నీడకు రాయే," అంది. ఆ ఒక్క మాటకు ఓబులమ్మ ఆమెకోసం ఏమైనా చేస్తుంది. ఇద్దరూ చందాపురంలో ఒకే వఠారంలో, గోడ పక్క గోడగా ఉండేవాళ్లు.

కొత్త బూట్లకు ఇంకా ఆర్డరు రాలేదు. ముందు నమూనా జత పాసవ్వాలి. మిషన్లలో పెట్టి వంచి చూశారు, లాగి చూశారు. అవన్నీ అయ్యాక, నిజంగా ఒక ఆడమనిషి తొడుక్కొని, బరువు మోస్తూ కొన్ని వారాలపాటు నడిచి చూడాలని విదేశీ కంపెనీవాళ్లు షరతు పెట్టారు. నమూనా జత ఎప్పుడూ ముప్పై ఏడో నంబరే. లైనులో చాలామంది కాళ్లు చెప్పుల్లేని నడకకు వేళ్లు విచ్చుకొని వెడల్పయిపోయాయి. ఏ దేవుడు చెక్కాడో గానీ ఓబులమ్మ పాదం ఒక్కటే సన్నగా, పొందికగా బూటులో సరిపోయింది.

"వీపుకి ఇసుక సంచీ తగిలించుకొని రోజూ నడవాలి ఓబులమ్మా. వాన పడినా సరే. రాళ్ల మీద, బురదలో, నీళ్లలో. ఎక్కడా తప్పించుకోవద్దు. ఈ బూట్లు ఎంతవరకూ తట్టుకుంటాయో మనకి తెలియాలి," అని చెప్పింది జెస్సీ.

"పాడైపోతాయి కదమ్మా?"

"పాడైతే పాడవనీ. ఏం ఫర్వాలేదు. అందుకే కదా నీకిస్తున్నాం."

ఓబులమ్మ తలూపింది. ఫర్వాలేదనే మాట ఆమెకు కొత్త కాదు. ఒకసారి సైటులో పనిచేస్తుండగా డిసెంబరు చలికి వణుకుతుంటే, ఇంజనీరు గారి భార్య తన పాత స్వెట్టరు ఇచ్చింది. వేసుకోవే, పాడైనా ఫర్వాలేదు అంది. పాపం మంచి తల్లి అనుకొని ఓబులమ్మ వేసుకొని పనిచేసింది. సాయంత్రం చేతులకు సిమెంటు అంటి గట్టిపడిన ఆ స్వెట్టరు చూసి, అదే తల్లి సైటంతా వినేలా, "వీళ్లకు మంచి వస్తువు ఇయ్యడం మనదే బుద్ధితక్కువ," అని చీదరించుకుంది. ఓబులమ్మకు తల కొట్టేసినట్టయింది. పైవాళ్లు ఫర్వాలేదన్నప్పుడే రెట్టింపు భద్రంగా చూసుకోవాలని ఆ రోజు బుద్ధి తెచ్చుకుంది. ఆ బుద్ధి తప్పని ఎవరనగలరు? ఆమె బతుకులో అంతదాకా అది ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

దానికి తోడు సూపర్‌వైజరు పద్మనాభం. హిందూపురం మనిషి, చెడ్డవాడేం కాదు, భయస్థుడు. నడక మొదలయ్యే ముందురోజు ఓబులమ్మను పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, ఈ జత పాసైతేనే ఆర్డరు. ఆర్డరొస్తేనే లైనుంటాది. లేదంటే ఆడోళ్లందర్నీ ఇంటికి పంపేస్తారు. మళ్లా నేను గూడా ఏమీ చేసేకి కాదు. అంతా నీ కాళ్ల మీదే ఉండాది. ఆ బూట్లకు ఏమన్నా అయిందా, అందరి కడుపు కొట్టినట్లే. జాగ్రత్తగా నడువు."

ఓబులమ్మకు గుండెల్లో రాయి పడింది. తన సంగతి కాదు. లైను పోతే తను మళ్లీ తట్ట నెత్తికెత్తుకుంటుంది, చేతులూ కాళ్లూ ఆడుతున్నాయి. పాపక్క ఏం చేస్తుంది?

కంపెనీ వ్యాను ఆమెను రోజూ పొద్దున్నే ఆనేకల్లు అవతల గుట్ట దగ్గర దింపేది. గుట్టమీద రాళ్ల దారి, దిగితే వాగు, వాగు దాటితే నల్లమట్టి బాట. అంతా తిరిగి వచ్చి, మళ్లీ ఎక్కాలి. సాయంత్రందాకా అదే. డ్రైవరు అశ్వత్థప్ప చెట్టుకింద సీటు వాల్చుకొని నిద్రపోయేవాడు. జెస్సీ మొదటి రోజు ఉదయం వచ్చి, దారి చూపించి, ఫోటో తీసుకొని ఆఫీసుకు వెళ్లిపోయింది. ఆ పిల్లకు ఆఫీసులో తెమలని పని. వెంట నడవడానికి తీరిక ఎక్కడిది?

ఇసుక సంచీని మొదట నెత్తిన పెట్టుకోబోయింది ఓబులమ్మ. వీపున బరువేమిటి, గాడిద బతుకు అని విసుక్కుంటూ పట్టీలు తగిలించుకుంది. బూట్లు మాత్రం తొడుక్కోగానే లోపల వేళ్లు కదిపి చూసుకుంది. లోపల అంత మెత్తన! పుట్టాక ఆమె కాలు అంత మెత్తని చోట ఎన్నడూ లేదు. పైన గోధుమరంగు తోలు, దానిమీద రెండు వరుసల కుట్టు. ఆ కుట్టు పాపక్కది. నమూనా జత అని పద్మనాభం ఏరికోరి పాపక్క చేతే కుట్టించాడు. ఒక్క పోగు వంకర పోలేదు. ఓబులమ్మ వంగి ఆ కుట్టు మీద వేలితో రాసి చూసుకుంది.

చదునైన బాట మీద బాగానే నడిచింది. రాళ్ల దారి ఎక్కగానే కుడిబూటుకు ఒక మొనరాయి గీసుకుంది. తోలు మీద సన్నని తెల్ల గీత పడింది. ఓబులమ్మ గుండె గుభేలుమంది. అక్కడే కూలబడి, ఎంగిలి తడిచేసి కొంగుతో రుద్దింది. పోలేదు. మళ్లీ రుద్దింది. ఇంకా గుట్ట ఎక్కనే లేదు, అప్పుడే గీత పడిపోయింది, ఇక వాగులో దిగితే ఏముంది? పద్మనాభం మాట చెవుల్లో గింగిర్లు కొట్టింది. పాపక్క గోడ పట్టుకొని బాత్రూముకు పోవడం కళ్లముందు కదిలింది.

అంతే. తాళ్లు విప్పింది. రెండు బూట్లూ కలిపి ముడేసి మెడలో వేసుకుంది. ఉత్త కాళ్లతో గుట్టెక్కింది. రాయి ఆమె కాలికి కొత్త కాదు కదా. వాగు దగ్గర చీర పైకి దోపి, బూట్లు తడవకుండా చేత్తో పైకెత్తి పట్టుకొని దాటింది. ఊళ్లో అందరూ చేసేదే. కొత్త చెప్పులు కొనుక్కున్నవాళ్లు ఎవరైనా వాగులో వాటితో దిగుతారా? అవతలి ఒడ్డున కాళ్లు తుడుచుకొని, చదునుగా, పొడిగా ఉన్నంతమేర మళ్లీ తొడుక్కుంది. వాన పడితే వాటిని ప్లాస్టిక్ కవరులో చుట్టి వీపు సంచీలో దాచేది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఓబులమ్మ నడక ఎగ్గొట్టలేదు. ఒక్కరోజు, ఒక్క మలుపు ఎగ్గొట్టలేదు. ఆ బరువుతో, ఆ వానల్లో, జెస్సీ చెప్పిన దారి చెప్పినట్టు తిరిగింది. నీడన కూర్చొని సాయంత్రం నడిచానని చెప్పేవాళ్లు బోలెడంతమంది ఉంటారు. ఈమె అలాంటిది కాదు. ఉత్తకాళ్లతో నడిచింది కాబట్టి రెండింతలు కష్టపడింది కూడా. అరికాళ్లు చీలి నెత్తురు కారితే, కొత్త బూట్లు కరిచాయనుకొని పాపక్క కడిగి పసుపు పెట్టి కట్టేది; మర్నాడు ఓబులమ్మ మళ్లీ వెళ్లేది. బూట్లను రాత్రి గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా పక్కన దాచుకునేది.

ఒకసారి అశ్వత్థప్ప కంటపడింది. వచ్చీరాని తెలుగులో, "ఏనమ్మా, బూట్సు కాళ్లకా, కుత్తిగకా?" అని నవ్వాడు.

"నీ నిద్ర నువ్వు పో అప్పా," అని గదిమింది ఓబులమ్మ. అతను ఆవులించి అటు తిరిగి పడుకున్నాడు.

శనివారం శనివారం జెస్సీ బూట్లు చూసేది. తిరగేసి, వంచి, సోలు అడుగున గరుకు పళ్లు కొలిచి ఆశ్చర్యపోయేది.

"సోలు అసలు అరగలేదే! రాళ్లమీద నడిచావు కదా?"

"నడిచినానమ్మా."

"నీళ్లలో?"

"దినామూ దాటినాను."

అబద్ధమేమీ కాదు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయేది. ఒకసారి ఓబులమ్మ కాళ్లు చూసి, "అయ్యో, ఈ పగుళ్లేంటి?" అంది గానీ, "నాకెప్పుడూ ఇంతేనమ్మా," అంటే ఊరుకుంది. బూటు చూడటానికి వచ్చిన మనిషి బూటే చూసింది. అంత చదువు చదివిన పిల్లకు, ఇన్నాళ్లు నడిచినా అరగని సోలు ఈ భూమ్మీద ఉంటుందా అనే అనుమానం రావొద్దూ? రాలేదు. మనకు కావలసిన మాట వినబడుతున్నప్పుడు ఎవరికి వస్తుంది గనక?

వానాకాలం అయిపోయింది. బూట్లు పాసయ్యాయి. సోలు ఇంతగా అరగకుండా నిలవడం తామెక్కడా చూడలేదని విదేశాల నుంచి మెచ్చుకుంటూ కబురొచ్చింది. అనుకున్నదానికన్నా పెద్ద ఆర్డరొచ్చింది. లైనులో మైసూర్‌పాకు పంచారు. జెస్సీ ఓబులమ్మను కౌగిలించుకుంది. సరుకంతా సరిగ్గా పోతే లైనులో అందరినీ పర్మనెంటు చేస్తారని పద్మనాభం ప్రకటించాడు.

ఆ రాత్రి పాపక్క వఠారం అరుగు మీద కూర్చొని చెప్పింది. "పర్మనెంటైతే కార్డిస్తారంట. ఆ కార్డుతో పెద్దాసుపత్రిలో తుంటికి ఆపరేషను చేస్తారంట. డాక్టరు చెప్పినాడు, చేయిస్తే మామూలుగా నడిచొచ్చునంట. నువ్వు నడిచిన నడకే నన్ను నడిపించేది, ఓబులా."

ఓబులమ్మకు కళ్లు తిరిగినంత సంతోషమైంది. చేసిన పనికి అంత గర్వపడింది జీవితంలో అదొక్కసారే. చలికాలమంతా లైను ఊపిరాడకుండా నడిచింది. పాపక్క నొప్పి మాత్రలు మింగుతూ ఓవర్‌టైము చేసింది. పెట్టెల మీద పెట్టెలు కంటైనరెక్కి వెళ్లిపోయాయి.

ఎండాకాలం చివర్లో అవే పెట్టెలు తిరిగొచ్చాయి.

మొదట కొన్ని వచ్చాయి, తర్వాత అన్నీ వచ్చాయి. అక్కడి ఆడవాళ్లు వాటిని తొడుక్కొని కొండల్లోకి వెళ్లారు. వాన పట్టుకుంది. తడిసిన బూట్లకు సోలు ఊడిపోయింది. నడి అడవిలో, వీపున బరువుతో, ఊడిన సోలును తాళ్లతో కట్టుకొని ఈడ్చుకుంటూ దిగారట. ఒకామె జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుందట. సోలు అతికించిన గమ్ము తడికి ఆగలేదు. పొడిలో మిషన్లు ఎంత లాగినా ఊడని గమ్ము, నీళ్లలో నానితే వదిలేసింది. పైతోలూ కుట్టూ చెక్కుచెదరలేదు.

జెస్సీ వచ్చింది. నిద్రలేని ముఖం. ఎవరితోనూ మాట్లాడకుండా ఒక కొత్త జత తీసి ఓబులమ్మ చేతికిచ్చి, వ్యానెక్కమంది. గుట్ట దగ్గర దిగారు. ఈసారి జెస్సీ కూడా వెంట నడిచింది.

"నువ్వు అన్ని వారాలు నీళ్లలో నడిస్తే ఏమీ కాలేదు. వాళ్లకి రెండు రోజుల్లో ఊడిపోయింది. తర్వాత చేసిన సరుకులో గమ్ము మార్చారేమోనని ఫ్యాక్టరీవాళ్లని అడిగాను. ఒట్టేసి చెబుతున్నారు, అదే గమ్మంట. నాకేమీ అర్థం కావట్లేదు ఓబులమ్మా. నువ్వు అప్పుడెలా నడిచావో అలాగే నడువు, చూస్తాను," అంది.

ఓబులమ్మ ముందు నడిచింది. ఇలాంటప్పుడు ఇంకొకరైతే ఏదైనా ఎత్తు వేసుండేవారేమో. ఆమెకు ఎత్తులు రావు. వాగు దగ్గరికి రాగానే, ఆలోచించుకోనైనా ఆలోచించుకోకుండా, వంగి బూటు తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావ్?"

ఓబులమ్మ తలెత్తింది. జెస్సీ ముఖం చూసింది. చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

"అప్పుడు కూడా ఇలాగే విప్పేశావా?"

"తడిసిపోతాయని..."

"రోజూ?"

"రాళ్ల కాడ గూడా మేడమ్మా. గీతలు పడతాయని. పాసు కాకుంటే లైను పోతాదన్నారు గదా. నేను భద్రంగా చూసుకున్నాను. ఒక్కదినం గూడా నడక తప్పలేదు, మీ మీదొట్టు."

జెస్సీ ఒడ్డున రాయి మీద కూలబడింది. రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. తర్వాత, "తొడుక్కొని దిగు," అంది. ఓబులమ్మ దిగింది. బూట్లోకి చల్లగా నీళ్లొచ్చాయి. అవతలికీ ఇవతలికీ నడవమంది, నడిచింది. మధ్యాహ్నం దాటి కాస్త పొద్దు వాలేసరికి ఎడమబూటు ముందువైపు నోరు తెరిచింది. అందులోంచి నీళ్లు పిచ్చిక్ పిచ్చిక్‌మంటూ వచ్చాయి.

"ఇది మొదటిరోజే నాకు తెలిసుంటే," అంది జెస్సీ, "గమ్ము మార్పించేదాన్ని. వారం పని. అంతే, వారం. ఆర్డరు అలాగే ఉండేది."

ఓబులమ్మకు అప్పుడు అర్థమైంది. నమూనా బూటు పాడైతే లైను పోదు. పాడైతేనే నిలిచేది. పాడవ్వాలనే ఇచ్చారు. ఆ పిల్ల మొదటే చెప్పింది, ఉన్న మాటే చెప్పింది. బతుకులో మొట్టమొదటిసారి ఒకరు ఫర్వాలేదని నిజంగా అంటే, తను నమ్మలేదు. కాళ్లు చల్లబడి వాగులోనే నిలబడిపోయింది.

"నేను ఎవరికీ చెప్పను," అంది జెస్సీ తిరిగి వస్తూ. "చెప్పినా ఇప్పుడు ఒరిగేదేం లేదు. వాళ్లు వేరే దేశానికి ఇచ్చేశారు ఆర్డరు. నన్ను కూడా ఈ నెలాఖరుకి వెళ్లిపొమ్మన్నారు. తప్పు నాదీ ఉంది. ఒక్కరోజు నీ వెంట నడిచినా సరిపోయేది."

లైను మూసేశారు. మిషన్ల మీద గోనెపట్టాలు కప్పారు. ఆడవాళ్లందరినీ పంపించేసి, ఓబులమ్మను మాత్రం కొన్నాళ్లు ఉండమన్నారు. పని ఏమిటంటే, తిరిగొచ్చిన బూట్లు కొయ్యడం. వాటి మీద విదేశీ కంపెనీ పేరుంది కాబట్టి ఎవరూ తొడుక్కోకూడదు, బజార్లో అమ్మకూడదు. ప్రతి బూటునూ కత్తితో చీల్చి కుప్పలో పడెయ్యాలి. బలమైన చేతులు కావాలని ఆమెను ఉంచారు. గీత పడితే గుండె జారిన మనిషి పొద్దున్నుంచి సాయంత్రందాకా కొత్త బూట్లు కోసింది. సోలు చేత్తో లాగితే వచ్చేసేది. పాపక్క కుట్టు దగ్గరికి వచ్చేసరికి కత్తి ఆగిపోయేది, రెండు చేతులా పట్టి లాగితే గానీ తెగేది కాదు. ఓబులమ్మ ఏడ్చుకుంటూనే కోసింది. ఆపితే ఆ కూలి కూడా పోతుంది, పాపక్క ఇంటి అద్దె కూడా ఇప్పుడు ఆ కూలిలోంచే పోతోంది.

ఇంతలో అశ్వత్థప్ప నోరు జారాడు. బూట్లు మెడలో వేసుకొని తిరిగేదని ఎవరితోనో అన్నాడు. మాట లైను ఆడవాళ్లందరికీ పాకింది. ఆఖరి జీతం లెక్కలకని అందరూ గేటు దగ్గర గుమిగూడిన రోజున, ఓబులమ్మ కనబడగానే ఒకామె కాండ్రించి ఉమ్మింది. ఇంకొకామె, "మా పిల్లోళ్ల నోట్లో మన్ను కొట్టింది ఇదే," అంది.

పాపక్క గేటు కడ్డీ పట్టుకొని నిలబడే ఉంది. నిలబడటమే కష్టమైన మనిషి, కడ్డీ వదిలేసి వాళ్ల మధ్యకు వెళ్లింది.

"ఎవతే అనింది? ఎవతే? ఆ తాగుబోతు డ్రైవరు మాట పట్టుకొని దాన్నంటారా? దాని కాళ్లు చూసినారా మీరు? నేను చూసినా. దినామూ నెత్తురు కడిగినా. మా ఓబుల నడిచిందంటే నడిచినట్లే. గమ్ము పూసినోళ్లను అడగండి పోయి, దమ్ముంటే! దాన్ని ఇంకొక మాటంటే నాలిక కోస్తా!"

నొప్పికి ముఖం చెమటలు పట్టి, ఊగిపోతూ అరిచింది. అందరూ గొణుక్కుంటూ చెదిరిపోయారు. ఓబులమ్మ గోడ పక్కన కొయ్యబారిపోయి నిలబడింది. ఉమ్మిన ఉమ్ము ఆమెకు పెద్దగా తగల్లేదు. ఈ మాటలు తగిలాయి.

మధ్యాహ్నం పూట హోసూరు రోడ్డు మీద బస్సు కోసం ఇద్దరూ నిలబడ్డారు. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. పాపక్క ఓబులమ్మ భుజం మీద బరువంతా ఆనించింది.

"వాళ్ల మాటలు మనసులో పెట్టుకోవద్దే. ఉక్రోషంతో అంటాండారు."

"అక్కా."

"ఊ."

"ఆ డ్రైవరు చెప్పింది నిజమే."

ఓబులమ్మ దాచకుండా అంతా చెప్పింది. గీత పడిన సంగతి, వాగు సంగతి, జెస్సీతో వెళ్లినప్పుడు సోలు ఊడిన సంగతి. మొదటిరోజే ఊడి ఉంటే వారంలో గమ్ము మార్చి ఉండేవాళ్లని కూడా చెప్పింది. అది చెప్పకుండా ఉండాల్సింది. కానీ చెప్పేసింది. "నీ కోసమే అక్కా, నీ లైను పోకూడదనే," అని వెక్కివెక్కి ఏడ్చింది.

ఒక బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. వాళ్లు ఎక్కలేదు.

"నన్ను పంపించింటే," అంది పాపక్క చివరికి, మెల్లగా, "నేనూ అట్లనే చేసిందును. మనలో ఎవుర్ని పంపించినా అంతే."

ఓబులమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎన్నాళ్ల తర్వాతో ఊపిరి తీసుకున్నట్టయింది.

"అయితే నాకెందుకు చెప్పినావే ఇది?"

"అక్కా..."

"ఇన్ని దినాలూ కంపెనీని తిట్టుకుంటా ఉంటిని. గమ్ము పూసినోణ్ణి, ఆ పద్మనాభాన్ని, అందర్నీ తిట్టుకుంటా ఉంటిని. పొద్దున్నే ఈ కాలు కింద పెట్టాలంటే ప్రాణం పోతాది. ఆ కోపం ఉండాది గాబట్టి లేస్తాంటిని. రేపట్నించి ఎవుర్ని తిట్టుకొని లేయల్ల నేను? నిన్నా?"

పాపక్క ఆమె భుజం మీద నుంచి చెయ్యి తీసేసింది. చందాపురం బస్సు ఇంకొకటి వచ్చింది. పాపక్క కడ్డీ పట్టుకొని, మంచి కాలు పైన పెట్టి, రెండో కాలిని రెండు చేతులతో ఎత్తి మెట్టు మీద పెట్టుకుంది. ఎప్పటిలా నడుము పట్టి ఎక్కించబోయిన ఓబులమ్మను ఆమె వద్దనలేదు. ఆ చెయ్యి తనమీద ఉన్నట్టు తెలియనట్టే ఎక్కి, ఆడవాళ్ల సీట్లో కిటికీ పక్కన కూర్చొని, తలుపు వైపు చూడలేదు.

"ఎక్కుతావా లేదా?" అని కండక్టరు కన్నడంలో కసిరాడు.

ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది. కోయాల్సిన బూట్లు ఇంకా ఉన్నాయి.